గది వద్దు, ఓటు కావాలి

బ్యూట్, మాంటానా
మార్చి రెండో వారం

ఒరేయ్ మైలో,

పేపర్లో నీ ఫోటో చూశాను. టోపీ తీసి దిగాల్సింది. బట్టతల వాళ్ళకీ ఓటుంది కదా, వాళ్ళన్నా నీవైపు వచ్చేవారు. అయినా నువ్వు శాసనసభకి పోటీ చేస్తున్న సంగతి నాకు పేపరు చెప్పాలా? యాభై ఆరేళ్ళ మగాడివి, అక్కకి ముందుగా ఒక ముక్క రాయడానికి చేతులు రాలేదా? ఫోనులో అయితే రెండు నిమిషాల్లో కొట్టుకుంటామనే కదా అమ్మ మనిద్దరికీ ఉత్తరాలు అలవాటు చేసింది! ఆ అలవాటు తప్పకు.

సరే, శుభం. గెలవాలనే కోరుకుంటున్నాను. ఇంతవరకూ అక్కగా రాశాను. ఇక్కణ్ణుంచి మా వికలాంగుల ఓటరు సంఘం తరఫున రాస్తున్నాను, కుర్చీలో సరిగ్గా కూర్చుని విను.

ప్రతి ఎన్నికకీ మేం శాసనసభ అభ్యర్థులందరికీ ప్రశ్నలు పంపుతామని నీకు తెలుసు. తర్వాత ప్రతి కౌంటీలో ఒక సభ పెట్టి ఎదురుగా అడుగుతాం. ఏ నుంచి డి దాకా గ్రేడు ఇచ్చి, కార్డు అచ్చేసి ఓటర్లకి పోస్టులో పంపుతాం. ప్రశ్నలు ఆరు. అసలైనది మూడోది. ఇళ్ళలో ఉండే మాలాంటివాళ్ళని పొద్దున లేపి, స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టే అటెండెంట్లకి రాష్ట్రం ఇచ్చే గంట జీతం పెంచే బిల్లు వస్తే ఓటేస్తారా, వెయ్యరా? ఈ ఒక్కటీ లేకపోతే మిగతా అయిదూ అలంకారాలే. అటెండెంటు రాకపోతే నేను మంచంలో ఉంటాను. వరుసగా రాకపోతే ఇల్లు వదిలి వికలాంగుల హోములో ఉంటాను. అంతే లెక్క.

మా సభల్లో ఒక నియమం ఉంది. అభ్యర్థి ఎవరైనా "మా పిన్ని కొడుక్కి కూడా కాళ్ళు లేవండీ", "మా అమ్మమ్మకి చూపు లేదండీ" అని మొదలుపెడితే మా అధ్యక్షురాలు విల్మా బల్లమీది గంట కొడుతుంది. ఆ ప్రశ్నకి ఇచ్చిన సమయం అయిపోయినట్టే. ఎందుకంటావా? ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాం. చుట్టాన్ని చూపించినవాడు జవాబు చూపించడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, చప్పట్లు కొట్టించుకుని, రాజధానికి వెళ్ళి వ్యతిరేకంగా ఓటేసి వస్తాడు. ఎనభై ఏళ్ళు దాటిన విల్మాకి కళ్ళు కనిపించవు కానీ, చుట్టరికం వాసన ఆమడ దూరం నుంచి పసిగడుతుంది.

కాబట్టి నన్ను అడ్డం పెట్టుకోకు. నీకు గ్రేడు ఇచ్చే రోజు నేను ఆ చర్చలో ఉండను. అది కూడా నియమమే.

ఇదంతా రాస్తున్నది నా అటెండెంటు, మా ట్వైలా. నేను చెప్తుంటే రాస్తూ, నీ బట్టతల మాట దగ్గర కలం ఆపి మరీ నవ్వింది. బంగారం లాంటి పిల్ల.

అక్క
జోర్కా

లోన్ విల్లో
ఏప్రిల్

అక్కకి,

దూడలు పుట్టే కాలం, రెండు కళ్ళూ మూసి పడుకున్న పాపాన పోలేదు. అందుకే ఆలస్యం. ట్వైలాతో చెప్పు, టోపీ తీసి ఇంకో ఫోటో దిగాను, ఆ అమ్మాయికి ఒకటి పంపిస్తాను, గోడకి తగిలించుకోమను.

ప్రచారం బ్రహ్మాండంగా ఉంది. మొన్న ఫైర్‌స్టేషన్‌లో పాన్‌కేకుల విందు పెట్టారు. ఊరంతా వచ్చారు. నేను లేచి నీ గురించి చెప్పాను. బ్యూట్ కొండ మీద మంచులో నాన్న నిన్ను వీపున వేసుకుని బడికి మోసుకెళ్ళడం, ఆ బడి మెట్లు, అన్నీ. ఆడవాళ్ళు ఏడ్చారక్కా. మగాళ్ళు కాఫీ తెచ్చుకునే వంకతో లేచి వెళ్ళారు. మీ గంట ఇక్కడ లేదు కాబట్టి బతికిపోయాను. అయినా నన్ను ఆ మిగతావాళ్ళలో కలుపుతావేమిటి? వాళ్ళ చుట్టాలు వేరు, నువ్వు వేరు. నీతో పెరిగినవాడికి "ఏ" గ్రేడు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ఆ విందులోనే కొందరు పెద్దమనుషులు మద్దతిస్తామన్నారు. ఏవో కాగితాలూ, సంతకాలూ, అదంతా నీకెందుకులే.

ఇంకో మాట. పూర్తయ్యాక చెప్దామనుకున్నాను కానీ ఆగలేకపోతున్నాను. వెనకవైపు పాత పడగ్గది గోడ పగలగొట్టాను. నీ కుర్చీ తిరిగేంత వెడల్పు తలుపు పెట్టాను, బయటికి చెక్క ర్యాంపు కూడా. కిటికీలోంచి వాగు కనిపిస్తుంది. నీ మరదలు హేజెల్ కర్టెన్లు కుడుతోంది. ఎప్పుడైనా అవసరం పడితే మీ అక్కకి ఒక చోటు ఉంటుంది అని హేజెల్ అంది, నేను కాదు. ఓటుకి డబ్బా కొడుతున్నానని అనుకుంటావేమో, దీని సంగతి విందులో చెప్పలేదు.

నీ తమ్ముడు
మైలో

బ్యూట్
జూన్

మైలో,

ప్రాథమిక ఎన్నిక గెలిచి పార్టీ టిక్కెట్టు తెచ్చుకున్నావు, సంతోషం. నవంబరు దాకా విర్రవీగకు.

మా ప్రశ్నలకి నీ జవాబులు అందాయి. మూడోదానికి ఖాళీ వదిలావు. మర్చిపోయావేమోనని విల్మా ఇంకోసారి పంపింది. మళ్ళీ ఖాళీగానే వచ్చింది. మర్చిపోవడం ఒకసారే జరుగుతుంది.

సెప్టెంబరులో మీ కౌంటీ సభ. అక్కడ నోటితో చెప్పాలి. నేనూ వస్తాను.

టైపు తప్పులుంటే సర్దుకో. ట్వైలా చెయ్యి బెణికింది, అందుకే నా ఒక్క వేలితో కొడుతున్నాను. ఎక్కువ రాయలేను. గది కట్టినందుకు హేజెల్‌కి నా ముద్దులు చెప్పు. ప్రస్తుతానికి అందులో దూడల్ని పెట్టుకో.

జోర్కా

లోన్ విల్లో
సెప్టెంబరు, సభ అయిన మర్నాడు

జోర్కా,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

ముందువరసలో నీ కుర్చీ కోసం జాగా ఉంచాను. దాని పక్కన హేజెల్ నువ్వొస్తావని కొత్త గౌను వేసుకుని కూర్చుంది. ఊళ్ళో అందరికీ చెప్పాను, మా అక్క వస్తోంది, చూద్దురుగాని అని. సభ మొదలయ్యేదాకా తలుపు వైపే చూశాను. ఆ జాగా అలాగే ఖాళీగా ఉంది. మీ విల్మా ఏమో గంట పక్కనే పెట్టుకుని, నన్నెప్పుడూ ఎరగనట్టు కూర్చుంది.

మూడో ప్రశ్న అడిగింది. నేను లేచి, "చూడండి, మా అక్క..." అన్నాను. టంగ్. సరే, నియమం మర్చిపోయానని క్షమాపణ చెప్పి, ఇంకో అవకాశం ఇమ్మన్నాను. "నేను పుట్టినప్పటి నుంచి మా ఇంట్లోనే..." టంగ్. జనం నవ్వడం మొదలుపెట్టారు. మూడోసారి చాలా జాగ్రత్తగా, "నేను మాటల మనిషిని కాదు, నా చేతులతో ఒక గది కట్టాను" అన్నాను. విల్మా తల పక్కకి వంచి, "ఎవరి కోసం నాయనా?" అంది. నేనేం చెప్పను? నోరు తెరిచానో లేదో, టంగ్! హాలు హాలంతా పగలబడి నవ్వింది. నా పశువుల డాక్టరు కూడా నవ్వాడు.

తర్వాత రోవెనా స్కాగ్స్ లేచింది. నా ప్రత్యర్థి, స్కూల్లో లైబ్రరీ చూసుకునే ఆవిడ. "పెంచడానికి ఓటేస్తాను. డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో నాకింకా పూర్తిగా తెలీదు, తెలుసుకుంటాను" అని కూర్చుంది. అంతే! తెలీదు అన్నదానికి బి. చెక్కా మేకులూ మోసి గది కట్టినవాడికి డి. ఆ కార్డు రేపు నా నియోజకవర్గంలో ప్రతి ఇంటికీ వెళ్తుంది.

నవ్వులపాలు చెయ్యాలనుకుంటే ఎదురుగా వచ్చి చెయ్యాల్సింది. మొహం చాటేశావు.

మైలో వులెటిచ్

బ్యూట్
సెప్టెంబరు

మైలో వులెటిచ్ అట! ఇంటిపేరుతో సహా సంతకం. నేనేమన్నా బ్యాంకునా?

నీకు డి ఇచ్చినప్పుడు నేను లేను. నీ పేరు రాగానే ఫోను పెట్టేశాను, నియమం నియమమే. ఉండి ఉంటే డి కంటే కిందికి అక్షరం ఏదన్నా ఉందేమో వెతికేదాన్ని. మూడు అవకాశాలు ఇచ్చింది విల్మా. మామూలుగా ఒక్కటే ఇస్తుంది. నీమీద జాలిపడింది. వేస్తాను అనడానికి ఒక్క క్షణం, వెయ్యను అనడానికి ఇంకో క్షణం, అంతకంటే పట్టదు కదరా! రెండూ అనలేదు నువ్వు. మూడుసార్లూ నన్ను తెచ్చి నీ ముందు నిలబెట్టుకున్నావు.

రోవెనాకి బి ఎందుకంటే, ఆవిడ తెలీనిది తెలీదంది. తెలుసుకుంటాను అన్నవాళ్ళ వెంటపడి తెలియజెప్పొచ్చు. నీ వెంట పడితే నువ్వు గది చూపిస్తావు.

రాలేకపోయినందుకు నొచ్చుకుంటున్నాను. వ్యాను చెడిపోయింది. నన్ను క్షమించమని హేజెల్‌తో చెప్పు.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

అక్క

లోన్ విల్లో
అక్టోబరు

అక్కా,

శనివారం నీ ఇంటి నుంచి బయల్దేరినవాణ్ణి దారిలో రెండుసార్లు ట్రక్కు ఆపాల్సి వచ్చింది. రోడ్డు కనపడలేదు. ఏడుస్తూ బండి నడపడం నాకు చేతకాదు.

నిన్ను తిట్టడానికే వచ్చాను, నీకు తెలుసు. ఆరు గంటల ప్రయాణం పొడుగునా ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను. వీధిలో మొదట కనపడింది నీ వ్యాను. తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే ఉంది, పెట్టి తిప్పితే చక్కగా స్టార్టయింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అబద్ధం కూడా చెప్పిందన్నమాట అని ఇంకా మండిపడుతూ లోపలికి వచ్చాను.

మధ్యాహ్నం దాటింది. నువ్వింకా మంచంలోనే ఉన్నావు. రాత్రి బట్టలతోనే ఉన్నావు. నీళ్ళ గ్లాసు బల్లమీదే ఉంది, నీ చెయ్యి అందనంత దూరంలో. నన్ను చూసి, "ఏరా, టోపీ పెట్టుకునే వచ్చావా?" అన్నావు. నీళ్ళు తాగించమని మాత్రం అడగలేదు.

పక్కింటి మిసెస్ పెల్లోను తన పని ముగించుకుని రెండింటికి వచ్చి నిన్ను లేపుతుందని, వేసవి నుంచీ ఇదే వరస అని ఆవిడే చెప్పింది, నువ్వు కాదు. ట్వైలా చెయ్యి బెణకలేదనీ, బర్గర్ల కొట్లో చేరిందనీ ఆవిడే చెప్పింది. సభకి నువ్వు ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది. పొద్దున నిన్ను మంచం మీంచి దింపేవాళ్ళు లేరు. అంతే.

నేను అప్పుడు ఏదేదో అరిచాను. నువ్వు తలుపు వేసి వెళ్ళమన్నావు. మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి నెమ్మదిగా. వచ్చెయ్యక్కా. గది సిద్ధంగా ఉంది. ఎన్నికా వద్దు, గ్రేడూ వద్దు. నేనొచ్చి తీసుకెళ్తాను.

నేను కూడా నీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. పాన్‌కేకుల విందులో ఆ పెద్దమనుషులు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. రాష్ట్రం ఖర్చు పెంచే ఏ బిల్లుకీ ఓటెయ్యనని. ఇక్కడ అందరూ పెడతారు, పెట్టకపోతే గెలవరు. మూడో ప్రశ్న ఖాళీగా ఉండటానికి కారణం అది. నిన్ను నేను చూసుకోగలను కాబట్టి నా సంతకం వల్ల నీకొచ్చే నష్టం లేదని సర్దిచెప్పుకున్నాను.

రా అక్కా. బతిమాలుకుంటున్నాను.

మైలో

బ్యూట్
అక్టోబరు ఆఖరు

ఒరేయ్ మైలో,

ఈ ఉత్తరం కొట్టడానికి నా వేలికి మూడు రోజులు పట్టింది. కాబట్టి పశువుల దగ్గర నిలబడి కాకుండా ఇంట్లో కూర్చుని చదువు.

అవును, అబద్ధమే చెప్పాను. ట్వైలా మేలో మానేసింది. ఏడ్చుకుంటూ మానేసింది పాపం. ఇద్దరు పిల్లలు దానికి. బర్గర్ల కొట్లో ఎక్కువిస్తారు, పైగా అక్కడ ఎవర్నీ ఎత్తి కూర్చోబెట్టక్కర్లేదు. వెళ్ళమని నేనే చెప్పాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు చేసేది ఇదేనని తెలుసు. ట్రక్కు వేసుకుని వచ్చి, మూటగట్టి తీసుకుపోతానంటావు.

నీ గది మంచిదే అయ్యుంటుంది. నీ చేతిపని నాకు తెలుసు. కానీ పొద్దున అందులో నన్ను లేపేదెవరు? హేజెల్‌కి మోకాళ్ళ నొప్పులు. నువ్వా? నా తమ్ముడు నాకు స్నానం చేయించాలా? సిగ్గు సంగతి పక్కన పెట్టు, దూడలు పుట్టే కాలంలో కొట్టంలో ఉంటావా, నా మంచం దగ్గర ఉంటావా? మా సంఘం, విల్మా, ఈ కొండ, గని గోపురాలు, శుక్రవారం నేను తెచ్చుకుని తినే మాంసం పేస్టీ, నన్ను పేరు పెట్టి పిలిచే బస్సు డ్రైవరు, ఇవన్నీ నీ గదిలో పడతాయా? హోముకీ నీ గదికీ ఒకటే తేడా, నీ గదిలో నన్ను ప్రేమిస్తారు. అది చిన్న తేడా కాదు, నాకు తెలుసు. కానీ నా అంతట నేను బయటికి రాలేకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంకోటి విను. నాకు తమ్ముడున్నాడు, వాడికి ఇల్లుంది, చెక్కా సుత్తీ ఉన్నాయి. తమ్ముళ్ళు లేనివాళ్ళు ఏమైపోవాలి? తమ్ముడున్నా, వాడు నీలాంటివాడు కాకపోతే? "నీకొచ్చే నష్టం లేదు" అని రాశావు చూడు, ఆ ముక్క చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. నీ సంతకంతో మాంటానాలో ఉన్నవాళ్ళందరికీ తలుపు మూసేసి, నా ఒక్కదానికి మాత్రం వెనకవైపు తలుపు తీస్తానంటున్నావు. అదేం ప్రేమరా?

అక్క కోసం గది ఏ తమ్ముడైనా కట్టగలడు. ఆ బిల్లుకి ఓటు వెయ్యగలిగేది ప్రతినిధుల సభలో ఉండే వందమందే. నువ్వు ఆ వందలో ఒకడివి కాబోతున్నావు. ఇక్కడ పొద్దున్నే ఎవరో ఒక పిల్ల వచ్చి, "లేవండి జోర్కా" అని కర్టెన్ తియ్యాలి. ఆ పిల్లకి కడుపు నిండే జీతం ఉండాలి. నాకు కావలసింది అంతే.

నీ గది వద్దురా. నీ ఓటు కావాలి.

నేను భయపడుతున్నానని అనుకోకు. ఇంతకంటే గట్టి చలికాలాలు చూశాను. మిసెస్ పెల్లోను వస్తోంది, విల్మా మనవరాలు ఆదివారాలు వస్తోంది. ఎలాగో నెట్టుకొస్తాను.

అక్క

లోన్ విల్లో
నవంబరు

అక్కా,

గెలిచాను. పేపర్లో చూసే ఉంటావు. రోవెనా ఫోను చేసి అభినందించింది, మంచి మనిషి. ఈ ఊళ్ళో మా పార్టీ తరఫున గుర్రాన్ని నిలబెట్టినా గెలుస్తుందని హేజెల్ అంది, కాబట్టి ఎక్కువ పొగడక్కర్లేదు.

నీ ఉత్తరం వచ్చాక మీ కార్డు జేబులో పెట్టుకుని ఇళ్ళకి తిరిగాను. "నాకు డి వచ్చింది, సరిగ్గానే ఇచ్చారా, మీరేమంటారు" అని అడిగాను. చాలామంది నవ్వారు. ఒక ఇంట్లో నవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు రాయలేను.

సంతకం గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. తేల్చుకున్నానని నీకు అబద్ధం చెప్పను.

మైలో

బ్యూట్
జనవరి

ప్రతినిధుల సభ సభ్యులు శ్రీ మైలో వులెటిచ్ గారికి,

నమస్కారం.

నా పేరు జోర్కా వులెటిచ్. నేను మీ నియోజకవర్గం ఓటరును కాను. అటెండెంట్ల గంట జీతం పెంచే బిల్లు తమరు సభ్యులుగా ఉన్న కమిటీ ముందుకు ఈ నెలాఖరులో వస్తోంది. బహిరంగ విచారణలో మాట్లాడటానికి మా సంఘం వాళ్ళం పదిమందిమి వస్తున్నాం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఇస్తారని విన్నాను, చాలు. మా మాటలు ఫోను చూసుకుంటూ కాకుండా మా మొహాలు చూసి వినవలసిందిగా కోరుతున్నాను.

నేను ఎవరి చుట్టాన్నో అక్కడ చెప్పను. తమరు కూడా చెప్పవద్దు. హాల్లో ఎదురుపడితే మిగతా పౌరులతో ఎంత మర్యాదగా ఉంటారో నాతోనూ అంతే ఉండండి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

భవదీయురాలు
జోర్కా వులెటిచ్

ఒరేయ్, దీంతో ఒక డబ్బా వస్తుంది. అమ్మ చేసే సర్మా, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడికించింది. మిసెస్ పెల్లోను చేసింది, నేను పక్కన కూర్చుని అరిచాను. జనవరిలో వచ్చే మన పాత పంచాంగం క్రిస్మస్‌కి ఎప్పుడూ పంపేదే, లంచం అనుకోకు. లంచమే అయితే ఇంకాస్త బాగా చేయించేదాన్ని.

రాజధాని హెలెనా
మార్చి

అక్కా,

ఇవాళ కమిటీలో ఓటింగు అయింది. 

వేశాను. పెంచడానికే వేశాను. బిల్లు కష్టమ్మీద గట్టెక్కింది. పూర్తి సభకి వెళ్తుంది.

కానీ ఒక్క విషయం నీకు స్పష్టంగా చెప్పాలి. నీకోసం వెయ్యలేదు. జనవరిలో నువ్వు మైకు ముందు మాట్లాడుతుంటే ఫోను జేబులో పెట్టేశాను, నిజమే. నీ రెండు నిమిషాలూ నీ మొహమే చూశాను. అయినా నిన్న సాయంత్రం దాకా సంతకం వైపే మొగ్గాను. నీకు గది ఉంది కదా అనే పాత మాటే బుర్రలో తిరుగుతోంది, నువ్వు ఎంత తిట్టినా.

నవ్వని ఇల్లు అని రాశాను చూడు, అది వేడ్ టాలివర్ ఇల్లు. మా ఇంటికి ఉత్తరాన, కంకర రోడ్డు చివర. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ దగ్గరే ఆబోతులు కొంటున్నాను. రెండేళ్ళ క్రితం గుర్రం మీంచి పడ్డాడు. ఊళ్ళోకి రావడం మానేశాడు. పొగరుబోతు, ఎవరి కంటా పడటం ఇష్టం లేదు అనుకున్నాం అందరం. నేనూ అన్నాను ఆ మాట, నలుగురిలో.

కార్డు పట్టుకుని తలుపు కొడితే వాళ్ళావిడ లొరైన్ తీసింది. నాకంటే చిన్నది, చూస్తే అమ్మ వయసుదానిలా ఉంది. "సరిగ్గా టైముకొచ్చావు, ఈ కొస పట్టుకో" అంది. ట్రాక్టరు ఇంజను పైకి లాగే గొలుసు కప్పీని కొట్టంలోంచి తెచ్చి పడగ్గది దూలానికి వేలాడదీసింది. దానికి ఒక కాన్వాసు గుడ్డ. ఆ గుడ్డలో వేడ్. గొలుసు లాగి మొగుణ్ణి మంచం మీంచి కుర్చీలోకి దింపుతోంది, రోజూ, ఒంటరిగా. ఇంతకుముందు సాయానికి వచ్చే అమ్మాయి జీతం చాలక మానేసిందట. వేడ్ గాల్లో వేలాడుతూ, "ఏం మైలో, డి గ్రేడు అట?" అన్నాడు. అనేసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వాళ్ళకి నేను గది కట్టలేనక్కా. వాళ్ళకి గది ఉంది. మనిషే లేదు.

ఇవాళ పొద్దున నా పేరు పిలిచినప్పుడు నాకు కనిపించింది వేడ్ మొహం. నీది కాదు. అందుకే అంటున్నాను, నీకోసం వెయ్యలేదు. నొచ్చుకుంటావేమోనని ఇంతసేపు కాగితం ముందు కూర్చున్నాను, కానీ నీకు అబద్ధం రాయనని మాటిచ్చాను.

ఆ పెద్దమనుషులు ఇందాకే హాల్లో చుట్టుముట్టారు. సంతకం తప్పినవాణ్ణి రెండేళ్ళలో ఇంటికి పంపిస్తామన్నారు. ఇల్లు నాకు ఇష్టమేనని చెప్పాను.

ఇక పూర్తి సభ. నా బల్ల పక్కనున్న ఇద్దరితో రేపు పొద్దున కాఫీ తాగుతున్నాను. వేడ్ సంగతి వాళ్ళకి చెప్తాను, పేరు లేకుండా.

మైలో

బ్యూట్
జులై మొదటి వారం

మైలో,

ఇది ట్వైలా చేతిరాత. గుర్తుపట్టావా? బిల్లు చట్టమైంది కదా, కొత్త జీతం ఈ నెల నుంచి అని తెలియగానే బర్గర్ల కొట్టు టోపీ అక్కడే పడేసి వచ్చేసింది. మీ ఊరి వేడ్‌కి కూడా పొద్దున పూట ఒకబ్బాయి కుదిరాడని హేజెల్ రాసింది. వసంతకాలమంతా నీకు సరిగ్గా రాయలేదు. నా వేలితో నాలుగు ముక్కలు కొట్టి పంపేదాన్ని. ఈ మాటలు అలా కొట్టి పంపేవి కావు, అందుకే దాచుకున్నాను.

నీకోసం వెయ్యలేదు అని రాశావు. నొచ్చుకుంటాననుకున్నావు. పిచ్చివాడా! ఆ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో మిసెస్ పెల్లోనుని అడుగు. ఎవరో పోయారనుకుని ఆవిడ పొయ్యి ఆపి పరిగెత్తుకొచ్చింది.

నీకు ఇది తెలీదు, చెప్పినా పూర్తిగా తెలీదు. నా పదేళ్ళ వయసు నుంచీ నాకు ఏ మంచి జరిగినా అది నాకోసం ఎవరో దయతలచి చేసిందే. చర్చివాళ్ళు ర్యాంపు వేశారు, జోర్కా కోసం. బడివాళ్ళు నా తరగతిని కింద గదికి దింపారు, జోర్కా కోసం. నాన్న వీపు అరిగిపోయింది, జోర్కా కోసం. ప్రతిదానికీ నవ్వుతూ థాంక్స్ చెప్పాను. ఆ నవ్వు నవ్వీ నవ్వీ నా దవడలు నొప్పి పుట్టేవి. అందరూ మంచివాళ్ళే, అందులో అబద్ధం లేదు. కానీ అప్పు పడ్డట్టు ఉండేదిరా, ఎప్పటికీ తీరని అప్పు.

ఇవాళ పొద్దున ఏడింటికి ట్వైలా వచ్చి కర్టెన్ తీసింది. ఎనిమిదింటికి కుర్చీలో కూర్చుని కాఫీ తాగాను. తొమ్మిదింటికి బస్సెక్కి సంఘం ఆఫీసుకి వెళ్ళాను. ఇది రాష్ట్రంలో అందరికీ ఉన్నదే, చట్టంలో రాసి ఉన్నదే. నాకోసం ఎవరూ చెయ్యలేదు. దారి పొడుగునా ఒక్కరికి కూడా థాంక్స్ చెప్పలేదు.

నీకూ చెప్పను.

అక్క
జోర్కా